ఈసారి రాఖీకి చీర వద్దు

తమ్ముడు పెంటయ్యకు అక్క బాలమణి దీవెనలు. రాసేది కోడలు మహేశ్వరి, మాటలు నావే. ఫోన్లో ఆస్పత్రి మాటెత్తగానే పెట్టేస్తున్నావు కాబట్టి కార్డు రాయిస్తున్నాను. దీన్ని పోస్ట్‌మ్యాన్ చదివినా, నీ పెళ్లాం కళావతి చదివినా మంచిదే.

లాడ్ బజార్ కొట్టులో గాజులు సర్దుతుంటే ఆయాసం వచ్చి ఆస్పత్రికి పోయాను. గుండె వాల్వుకు మూడు రెక్కలుండాలట, నాకు రెండే ఉన్నాయట. "మూడోది ఎవడెత్కపోయిండు సారూ?" అన్నాను. డాక్టర్ నవ్వి, "పుట్టుకతోనే గిట్ల వస్తదమ్మా. గిట్లున్నోళ్లకు గుండెలకెళ్లి పోయే పెద్ద రక్తనాళం గోడ బలం తగ్గి ఉబ్బుతది. నీది జర ఉబ్బింది. మందులేసుకో, ఏటేటా చూపిచ్చుకో. తోడబుట్టినోళ్లున్నరా? వాళ్లకూ ఉండొచ్చు" అన్నాడు. అప్పటికి నా వేళాకోళం ఆగిపోయింది.

మన బాపు గంజ్ మార్కెట్లో బస్తా ఎత్తుతూ ఛాతీ పట్టుకొని కూలిపోతే దిష్టి అనుకున్నాం. ఇప్పుడు నాకు, బరువుకు ఆ రక్తనాళమే పగిలిందేమోనని అనుమానం. నువ్వూ ఆ బస్తాలే ఎత్తుతున్నావు. గుండె స్కాన్ తీయించుకునేదాకా ఒక్కటి కూడా ముట్టకు. ముందే తెలిస్తే కాపాడే దారి ఉందట.

కళావతీ, వాడు బస్తా ముట్టుకుంటే నాకు చెప్పు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? చింతపండు అందింది.

పెంటయ్యా, ఈసారి రాఖీకి నాకు చీర వద్దు, స్కాన్ కాగితం పట్టుకురా. తేకపోయినా కడతాను. తెస్తే మాత్రం కట్టేటప్పుడు నా చేతులు వణకవు.