సున్నం పడకూడని పద్దెనిమిది గుంటలు

నల్గొండ జిల్లా, మాడుగులపల్లి మండలం, రాళ్లవాగు తండా నివాసి, కీర్తిశేషుడు ధరావతు భీమ్లా భార్య ధరావతు రంగి అనే నేను, వయసు డెబ్బై ఒకటి, మిర్యాలగూడలో దస్తావేజులు రాసే బిక్షపతికి చెప్పి రాయించిన వీలునామా ఇది.

నా బుద్ధి స్థిరంగా ఉందని మొదట రాయాలట. రాయమన్నాను. దానికి రుజువు కూడా రాయమన్నాను. నా తోటలో ఏ సాలులో ఏముందో కళ్లు మూసుకుని చెబుతాను. గెనుసుగడ్డ నాలుగు సాళ్లు, చామగడ్డ రెండు, ముల్లంగి, మిర్చి, బొబ్బర్లు, అనాస మొక్కలు నూట పన్నెండు. ఇన్ని లెక్క చెప్పే మనిషికి మతి తప్పిందని రేపు ఎవరైనా కోర్టులో అంటే, వాళ్ల లెక్క కూడా అడగండి. నన్ను ఎవరూ బెదిరించలేదు. నన్ను బెదిరించగలవాడు తండాలో ఇంకా పుట్టలేదు.

ఈ కాగితం రెండు పనుల కోసం. ఒకటి, నా తర్వాత తోట ఎవరిదో చెప్పడం. రెండు, ఆరేళ్లుగా నా కొడుకు హరిలాల్ మీద ఉన్న ఒక నింద తుడిచేయడం. రెండోది చెప్పడానికి నోరు రాకనే మొదటిదాన్ని ముందు పెట్టుకున్నాను.

1. ఆస్తి వివరం. తూర్పున రామచంద్రయ్య సేటు గారి పాత ఎరువుల గోదాము గోడ, పడమర బండ్లబాట, దక్షిణాన నేనుంటున్న ఇల్లు, ఉత్తరాన వాగు. ఈ నడుమ పద్దెనిమిది గుంటల ఎర్రచెలక. ముప్పై ఒక్క ఏళ్ల కింద నా కాళ్ల కడియాలు అమ్మి సేటు దగ్గర కొన్నాను. నా స్వార్జితం, నా పేరు మీదే ఉంది. గోదాములో చినిగిన సంచుల ఎరువు, వానకు తడిసి గడ్డకట్టిన అమోనియా సల్ఫేటు, అంతా ఏళ్ల తరబడి ఊడ్చి ఇక్కడే పారబోసేవారు. దాంతో నేల పుల్లబడింది. సంతకం పెడుతూ కూడా సేటు నవ్వాడు. “రంగీ, గా జాగల గడ్డి గూడ మొలవది, నీకెందుకే?” అన్నాడు. సేటు పోయి పదేళ్లయింది. ఆ నవ్వు మాత్రం నేను ఇంకా మరిచిపోలేదు.

2. తోట ఎలా అయిందో కూడా రాయాలి. ఇది ఆస్తి వివరం కాదని బిక్షపతి అన్నాడు. అసలు ఆస్తి ఇదేనని నేనన్నాను.

మొదటి ఏడాది అందరిలాగే పాలకూర, ఉల్లి, బీట్‌రూట్ వేశాను. పాలకూర నాలుగాకులు వేసి పసుపెక్కి కూర్చుంది. ఉల్లి గోలీకాయంత ఊరింది. మఠంపల్లి సున్నపు గనులు దగ్గర కాబట్టి మా వైపు ఏ చెట్టు నీరసపడినా అందరి చేయీ ముందు సున్నం మీదికే పోతుంది. నన్నూ అదే చల్లమన్నారు. నేను చల్లలేదు. నేలను మార్చడం ఎందుకు, విత్తనాన్ని మార్చుకుంటే పోలేదా అనుకున్నాను. మూడేళ్లపాటు ఒక్కో సాలులో ఒక్కో రకం వేసి చూశాను. అలిగినదాన్ని బతిమాలలేదు, నవ్వినదాన్ని వదల్లేదు. గెనుసుగడ్డ మొదట నవ్వింది. తర్వాత చామగడ్డ, ముల్లంగి. సూర్యాపేట మార్కెట్లో కొన్న అనాసపండు తల కోసి నాటితే రెండేళ్లకు కాయ వేసింది. దాన్ని చూడటానికి రెండు తండాల జనం వచ్చారు. మొదటి ముక్క సేటుకే పంపాను. తిని, “ఇంకో ముక్క ఉన్నదా?” అని కబురు పెట్టాడు. లేదని చెప్పించాను. ఉంది.

నా భర్త భీమ్లా గట్టు మీద కూర్చుని సలహాలివ్వడం తప్ప తోటలో పెద్దగా వంగింది లేదు. కానీ పులుపు నేలలో నూరువరహాలు బాగా పూస్తాయని ఎవరో చెబితే, మిర్యాలగూడ నర్సరీ నుంచి పదహారు మొక్కలు సైకిల్ మీద తెచ్చి గోడ వెంట తానే నాటాడు. నాకు ఆయన ఇచ్చిన నగ అదే.

3. తోట ఎవరి చేతిలో ఉన్నా ఈ షరతులు తప్పవు. సున్నం చల్లకూడదు. పొయ్యి బూడిద, మిల్లు బూడిద పోయకూడదు. బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి, అనాసకు వాననీళ్లే పోయాలి. కుళ్లిన ఊక, రాలిన ఆకు తప్ప నేల మీద ఇంకేదీ పరచకూడదు. క్యాబేజీ మీద మోజు పుడితే బజారులో కొనుక్కోవాలి.

4. నా కూతురు జానకికి అద్దాలు కుట్టిన నా లంగా, కాంచళి రవిక, వెండి గాజులు, విత్తనాల డబ్బాలు అన్నీ. కోదాడ వైపు కాపురానికి పోయాక దాని మాట మారింది. “అమ్మేసెయ్యమ్మా, ఎందుకొచ్చిన తిప్పలు?” అని ప్రతి పండక్కీ అంటుంది. మేము అమ్మను యాడీ అంటాం. అది అమ్మా అన్నందుకు కోపం లేదు, అమ్మేసెయ్యమన్నందుకు ఉంది. అందుకే భూమిలో వాటా ఇవ్వడం లేదు. కానీ చిన్నప్పుడు చామాకుల్లో నీటిబొట్లు దొర్లిస్తూ పగలంతా ఆడుకున్న పిల్ల అది. ఏటా రెండు బుట్టల చామగడ్డ దాని ఇంటికి చేరాలి.

5. నా మనవరాలు, హరిలాల్ కూతురు పూజకు నా పసుపు డబ్బా, మట్టి పరీక్ష కాగితం. మా నేల లెక్క అయిదు పాయింట్ రెండు అని, ఏడుకు తక్కువైతే పులుపని చదివి చెప్పింది ఆ పిల్లే. నాకు చదువు రాదు, పసుపు వచ్చు. పసుపునీళ్లలో మట్టి కలిపితే, సున్నం ఉన్న మట్టి అయితే నీళ్లు ఎర్రబడతాయి. ఆ కాగితం, ఈ డబ్బా ఒకటే మాట చెబుతాయని అది తెలుసుకోవాలి.

6. సేటు కోడలు గిరిజమ్మకు ఏటా మొదట పండిన అనాస. మామ నవ్విన తోటకు కోడలు చెప్పులు విడిచి వస్తుంది. మంచి మనిషి. ఒక్క మాట మాత్రం అనకుండా ఉండాల్సింది. ఆ మాట కింద వస్తుంది.

7. ఇక అసలు సంగతి.

ఆరేళ్ల కింద ఎండాకాలంలో గిరిజమ్మ తన మేడ మీద పెంచిన పాలకూర కట్ట తెచ్చి నా చేతిలో పెట్టి, “అన్నీ వస్తయి గానీ రంగమ్మా, నీ చేన్ల పాలకూర రాదు గదా” అంది. ప్రేమగానే అంది. నాకు మాత్రం సేటు మళ్లీ నవ్వినట్టయింది. ఎవరికీ చెప్పకుండా రెండు సంచుల సున్నం తెప్పించి, గోడ పక్క మడిలో నా చేతులతో నేనే చల్లి పాలకూర వేశాను. నెల దాటేసరికి అరచేయంత ఆకు వచ్చింది. వేళ్లతో పీకి, మిర్యాలగూడ మార్కెట్లో కొన్నానని చెప్పి పప్పు వండాను. నేను పండించానని చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. సున్నం సంగతి బయటపడుతుందని నోరు మూసుకున్నాను.

తీజ్ పండగ ముందు హరిలాల్ ఇంటికి సున్నం వేసి, డబ్బాలు ఆ మడి అంచునే కడిగాడు. దసరాకల్లా నూరువరహాలు ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. భీమ్లా నాటిన పదహారులో నాలుగు ఎండిపోయాయి. పక్కనున్న అనాస పసుపు పచ్చనైంది. తండా అంతా చూడటానికి వచ్చింది. ఇంత గొప్ప చెప్పుకున్న రంగి తానే సున్నం చల్లిందని ఎలా చెప్పను? చెంబులో పసుపునీళ్లు తెచ్చాను. హరిలాల్ డబ్బాలు కడిగిన చోటనే మట్టి తీసి కలిపాను. నీళ్లు ఎర్రబడ్డాయి. “సూడుండ్రి, వీని అయ్య నాటిన చెట్లను నా కొడుకే సంపిండు” అని అందరి ముందు అన్నాను.

వాడు తల వంచుకుని, “నేనే అయ్యుంట యాడీ. డబ్బాలు గీడనే కడిగిన” అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు హాయిగా ఉంది. తర్వాత ఒక్కరోజూ హాయిగా లేదు.

హరిలాల్ దామరచర్ల పవర్ ప్లాంటులో వెల్డర్. వారమంతా మంట ముందు నిలబడి, ఆదివారం వచ్చి ఆ మడిలో సున్నపు మట్టిని మోకాలి లోతు తవ్వి తట్టలతో బాట అవతలికి మోశాడు. గుట్ట నుంచి ఆకు కుళ్లిన ఎర్రమట్టి తెచ్చి నింపాడు. రెండేళ్లు పట్టింది. నాలుగు నూరువరహాలు మళ్లీ నాటాడు. ఇప్పుడవి మిగతా పన్నెండింటి కంటే బాగా పూస్తున్నాయి.

తప్పు నాది. మొత్తం నాది. డబ్బాలు కడిగిన నీళ్లకు చెట్లు చావవు. తండాలో అందరికంటే ఎక్కువ తెలిసినదాన్నని నాకు పొగరు. ఆ పొగరును కాపాడుకోవడానికి కొడుకును దోషిని చేశాను. తోట చూసి ఇప్పటికీ గర్వపడతాను, ఇక ముందూ పడతాను. ఈ ఒక్క మడి దగ్గర మాత్రం ఆగిపోతాను.

8. కాబట్టి పైన చెప్పిన పద్దెనిమిది గుంటలు, అందులోని చెట్టు చేమ, బోరు హక్కు, ఇల్లు, సమస్తం నా తదనంతరం నా కొడుకు హరిలాల్‌కే చెందాలి. కొడుకు అయినందుకు కాదు. ఆ నేలను నేను పాడు చేస్తే వాడు బాగు చేశాడు కాబట్టి.

9. దీన్ని అమలు జరిపించే బాధ్యత గిరిజమ్మది. నేను పోయిన పదకొండో రోజున, నేను చెంబు పట్టుకుని నిలబడిన ఆ మడి దగ్గరే తండాను కూర్చోబెట్టి ఏడో అంశాన్ని గట్టిగా చదివించాలి. అక్షరం తగ్గకూడదు.

పైదంతా రాయడం అయ్యాక చేర్చిన మాట: బిక్షపతి చదివి వినిపించాడు. విన్నాక, ఇది నేను పోయాక వినాల్సిన మాట కాదని తోచింది. నన్ను బండి మీద తీసుకొచ్చిన హరిలాల్ బయట చాయ్ తాగుతున్నాడు. లోపలికి పిలిపించి, సాక్షుల ముందే ఏడో అంశం మళ్లీ చదివించాను. విని వాడు అన్నది ఉన్నదున్నట్టు రాయమన్నాను. “గా పాలకూర కడిగింది నేనే గదా యాడీ. మార్కెట్ల కొన్నదైతే వేర్లకు మన ఎర్రమట్టి ఎట్లుంటది? నువ్వే సున్నం సల్లినవని గానాడే తెలిసింది నాకు. నీ మాట పోవద్దని ఊకున్న.”

తొమ్మిదో అంశాన్ని కొట్టేయమని వాడు అడిగాడు. కొట్టేయలేదు. పదకొండో రోజు దాకా కూడా ఆగను. వచ్చే ఆదివారం నేనే ఆ మడి దగ్గర నిలబడి చెబుతాను.

2025 సంవత్సరం నవంబరు 17, సోమవారం, మిర్యాలగూడ.

ధరావతు రంగి, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు, వేలిముద్ర వేయగా చూసినవారు, హరిలాల్ మాట విన్నవారు:
1. ఈదయ్య, రాళ్లవాగు తండా దగ్గర మేకల కాపరి
2. స్వప్న, మిర్యాలగూడ కూరగాయల మార్కెట్

రాసినది: బిక్షపతి. కొట్టివేతలు లేవు.