తుడవని డబ్బా

జూన్ 9, మంగళవారం. మాగాయ ముక్కలు ఎండబెట్టాను. సున్నుండలు చుట్టాను. తోటికోడలు పద్మ ఆవకాయ పంపిన డబ్బా తిరిగి పంపాను.

పొద్దున మా అమ్మాయి శ్రావణి, కంప్యూటర్ను లోపల్నుంచి నడిపే తన కెర్నెల్ కోడులో తప్పు దిద్దుకుంటూ చెప్పింది. ప్రోగ్రాముకు ఇచ్చే మెమరీలో కావలసిన గళ్లే నింపిందట. మిగతా గళ్లలో అంతకుముందు వాడినవాళ్ల పాస్‌వర్డు ముక్కలు ఉండిపోయాయట. “ముందు అంతా సున్నాలతో తుడిచి ఇవ్వాలమ్మా. మర్చిపోయా. తోటివాళ్లు చూసి ఆపారు” అంది. “కడగని గిన్నెలో కూర పంపినట్టుందే” అని నవ్వాను.

డబ్బా ఖాళీగా ఇవ్వకూడదని సున్నుండలు పెట్టాను. నెయ్యి అంటకుండా అడుగున శ్రావణి బల్ల మీది కాగితం పరిచాను. పైవైపు తెల్లగా ఉందని చూశానే గాని, తిప్పి చూడలేదు.

సాయంత్రం పద్మ గుమ్మంలోనే మొదలుపెట్టింది. “సున్నుండలు బాగున్నాయక్కా. విడాకుల లాయర్ని ఏమేం అడగాలో కూడా రాసి పంపావే! పిల్ల ఆఫీసు పని చేసుకోడానికి వచ్చిందన్నావ్?”

లోపల శ్రావణి విన్నది. నాకొక్కదానికే చెప్పుకున్న మాట అది. “నా తప్పు ఆపడానికి నలుగురున్నారమ్మా. నీది ఆపేవాళ్లెవరు?” అని తలుపేసుకుంది. అన్నం ముట్టలేదు.

రేపటికి ఈ మాట ఎ.కొండూరులో ఉన్న ఆడపడుచు దాకా పోతుంది...

పద్మకు ఆవకాయ బాకీ తీరింది.