పులికాట్‌కు పోదాం, అత్తమ్మా

గోదావరిఖని,
8 డిసెంబర్ 2024

అత్తమ్మకు,

నీ కోడలు రమ దండాలు. నేను బాగున్నాను, నీ మోకాళ్లు కూడా బాగున్నాయని అనుకుంటున్నాను. ఫోన్లో నీకు సరిగా వినపడదు. గట్టిగా మాట్లాడితే క్వార్టర్ల వాళ్లందరికీ వినపడుతుంది. అందుకే ఈ ఉత్తరం. నువ్వే కూడబలుక్కుని చదువుకుంటావని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. పక్కింటివాళ్లతో చదివించకు.

దసరాకు వచ్చినప్పుడు టీవీలో పులికాట్ సరస్సు చూసి, "గీ పిట్టలకు ఎవలన్న రంగు పూసిండ్రా?" అని అడిగావు గుర్తుందా? నీ కొడుకు పోశం పోయిన ఈ మూడేళ్లలో నువ్వు ఏదైనా అంత ఆశగా చూడటం నాకు తెలియదు. అప్పుడే అనుకున్నాను, నీకు వాటిని చూపించాలని.

ఈ నెలాఖరుకు సెలవు పెట్టాను. నువ్వు బెల్లంపల్లిలో చెన్నై బండి ఎక్కు. నేను రామగుండంలో అదే డబ్బాలో ఎక్కుతాను. గూడూరులో దిగి సూళ్లూరుపేట వెళ్దాం. అక్కడి నుంచి ఆటోలో పోతే రోడ్డుకు అటూ ఇటూ నీళ్లేనట, ఆ నీళ్లలోనే రాజహంసలట. అది పక్షుల కోసం కాపాడుతున్న చోటు కాబట్టి గట్టిగా మాట్లాడకూడదు, దగ్గరికి పోకూడదు. నీ ఎర్రచీర తేకు, బెదురుతాయట. దారిలో తినడానికి సర్వపిండి నేను చేస్తాను.

పక్షులు వచ్చాయో లేదోనని అక్కడి లాడ్జివాళ్లకు రోజూ ఫోన్ చేస్తున్నాను. నిన్న అక్కడొకాయన విసుక్కుని, "మేడం, నేను పిలిస్తే వస్తాయా అవి?" అన్నాడు. నిజమే. కానీ నాకు మనసు ఒకచోట నిలవడం లేదు. పొద్దున పాలు పొంగిపోయాయి. మొన్న డ్యూటీలో, బొగ్గు బాయిలోకి దిగేవాళ్లకు ఇవ్వాల్సిన లైట్లు ఒకరివి ఇంకొకరికి ఇచ్చాను. నాతో పనిచేసే సమ్మవ్వ చూసింది కాబట్టి సరిపోయింది. "ఏంది రమా, పానం యాడున్నది నీది?" అంది.

పోశం ఉద్యోగం నాకిచ్చిన రోజు చుట్టాలందరి ముందు నువ్వన్న మాట నేను మరవలేదు. "కొలువు దానిది, బతుకు దానిది, ఎవలు అడ్డం రావద్దు" అన్నావు. ఆ మాట తలుచుకుంటే ధైర్యం వస్తుంది, మళ్లీ ఆ మాటే భయపెడుతుంది.

చలికి శాలువా మరవకు. మందుల సంచి చేతిలోనే పెట్టుకో.

ఇట్లు,
నీ కోడలు
రమ

తా.క.: ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. అసలు మాట రాయనేలేదు. మనతో ఇంకో మనిషి వస్తున్నాడు. పేరు నర్సింగం. మా బాయిలో పంపు ఆపరేటర్. భార్య పోయి చాలా కాలమైంది. పెళ్లి చేసుకుందామని అడిగాడు. నాకూ ఇష్టమే. "అత్తమ్మకు చెప్పకుండ నేను ఏం చెప్పలేను" అంటే, "చెప్పినంకనే చెప్పు, నాకు తొందర లేదు" అన్నాడు. నిన్ను ఆ నీళ్ల దగ్గరికి తీసుకుపోయి చెబుదామనుకున్నాను. మన వాళ్లెవరూ ఉండరు, తిట్టినా ఏడ్చినా నీ ఇష్టం అనుకున్నాను. కానీ అంత దూరం తీసుకుపోయి చెబితే నీకు లేచి ఇంటికి పోయే దారి కూడా ఉండదు. అది మోసం. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. ఇష్టం లేకపోతే బండి ఎక్కకు. నేను కోపం చేసుకోను.

*

బెల్లంపల్లి,
17 డిసెంబర్ 2024

బిడ్డ రమకు,

సారవ్వ దీవెనలు. నీ ఉత్తరం నేనే చదువుకున్న. చదివినంక అన్నం పోలే. నీ మీద కోపంతోని కాదు. పోశం ఇంకోసారి పోయినట్టయింది. పొయ్యి ముట్టియ్యకుండ గట్లనే కూసున్న.

తెల్లారి లేచి శాలువ ఉతికి ఆరేసిన. వస్తున్న. సంబురంగ వస్తున్ననని మాత్రం అనుకోకు. పిట్టలను చూస్త. ఆయనను గూడ చూస్త. నాకు ఎదురుంగ కూసోవెట్టు. ఎట్ల తింటడు, నిన్ను ఎట్ల పిలుస్తడు, అన్నీ చూస్త. గూడూరు చానా దూరం గద. నచ్చకపోతే మొఖం మీదనే చెప్త, నువ్వు మధ్యల రావద్దు.

నీ అత్త
సారవ్వ

ఇంకో మాట. జ్వరమొచ్చిన నాడు నీకు మంచినీళ్లు ఎవలిస్తరని నాకు ఎప్పుడూ ఫికరే. నీ ఉత్తరం చదివినంక ఏడ్చిన గని, ఆ ఫికరు జర తగ్గింది. గీ ముచ్చట రైల్ల ఆయన ముంగట అనకు.