టాసిట్ అంటే

జూలై 7, సోమవారం
గోదాములో షిఫ్టు మూడింటికి అయింది. గుండ్లపోచంపల్లి నుంచి శామీర్‌పేట దాకా బస్సులో నిలబడే ప్రయాణం. అరుగు మీద స్వప్న, తమ్ముడి కూతురు, ఇంగ్లిషు పుస్తకంతో కూర్చుని ఉంది.
"పెద్దనాయినా, టాసిట్ అంటే ఏంది?"
నాకేం తెలుసు. తనే ఫోన్లో చూసి చెప్పింది... నోటితో అనకుండానే ఇద్దరికీ తెలిసిపోయేది.
"చెరువుల నువ్వు, మా నాయిన గట్లనే ఉంటుండిరట గదా? అమ్మ చెప్పింది. కాలేజీల ఆ మాటతోని వాక్యం రాయమన్నరు. గదే రాస్త."
రాసుకోమన్నాను. అన్నం తినకుండానే పడుకున్నాను.

జూలై 9
నిజమే. తమ్ముడు మల్లేశు, నేను ఇరవై ఏళ్లు పక్కపక్కనే వల వేశాం. చెరొక థర్మకోల్ తెప్ప. అరిస్తే చేప బెదురుతుంది. అందుకే గడ్డం ఎత్తితే లాగమని, చెయ్యి చాపితే ఆగమని. ఒకరి సైగను ఒకరు తప్పుగా అర్థం చేసుకున్నది లేదు. ఒక్కసారి తప్ప.

జూలై 10
రాసేస్తాను. ఐదేళ్లయింది.
చెరువు నిండుగా ఉంది. వల అడుగున ఏ కొమ్మకో చిక్కింది. మల్లేశు నా వైపు చూశాడు. తల ఊపాను. పోనీ, వదిలెయ్ అని. వాడు దిగమన్నాననుకున్నాడు. దిగాడు. వల కాళ్లకు చుట్టుకుంది... నేను చేరేసరికి ఆలస్యమైంది.
అందరికీ "కాలు జారిండు" అని చెప్పాను.
పోనీ. రెండక్షరాలు. చేప బెదిరితే బెదిరేది.

జూలై 12
బస్సులో చెరువు వైపు సీటు ఖాళీ. నిలబడే వచ్చాను.

జూలై 14
స్వప్న వాక్యాన్ని మేడ్చల్ కాలేజీలో మేడం అందరికీ చదివి వినిపించిందట. ఎంత మురిసిపోయిందో పిల్ల. పనుందని బయటికి వెళ్లిపోయాను.

జూలై 17
లక్ష్మి వచ్చింది. మల్లేశు భార్య. గడప దగ్గరే నిలబడింది.
"బావా, ఆ దినం సద్ది పట్టుకొని కట్ట మీదికొచ్చిన. నువ్వు తలకాయ ఊపంగ చూసిన. ఆయిన దిగంగ చూసిన."
ఐదేళ్లు. ప్రతి పండుగకూ పిలిచింది, వడ్డించింది. ఒక్క మాట అనలేదు.
"గప్పుడే అడుగకపోతి. నీ మొకం జూసి అడుగకపోతి. పిల్ల కాలేజీల గూడ రాసింది. ఇగ చెప్పు. దిగుమన్నవా, వద్దన్నవా?"
"వద్దన్న."
నమ్మిందో లేదో...
"గా ముచ్చట పిల్లకు నువ్వే చెప్పు. నా నోట్లకెల్లి రాదు."

జూలై 18
వద్దనే అన్నాను. అన్నానా? చిక్కింది కొత్త వల. దాని మీద ఆశ లేదని చెప్పగలనా? ఎన్నిసార్లు తలుచుకున్నా ఒక్కోసారి ఒక్కోలా ఊగుతోంది నా తల.

జూలై 20, ఆదివారం
పొద్దున్నే స్వప్న.
"అమ్మ తోలింది. ఏందో చెప్తవంట గదా?"
కూర్చోమన్నాను. నా మొహం చూసి భయపడ్డట్టుంది, నీళ్లు తెస్తానని లోపలికి వెళ్లింది. ఆ కాస్తలో ఇది రాస్తున్నాను. బిందె మూత తీసిన చప్పుడు... వస్తోంది.