మంచు మీద మోకు

దుబాయి

బాపు కాళ్లకు మొక్కి, పెద్దబిడ్డ సరిత రాస్తున్నది. నేనూ మీ అల్లుడూ బాగున్నాము. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అవ్వ వేళకు తింటున్నదా? ఇదంతా ఫోనులో చెప్పాలంటే నాకు సిగ్గు, అందుకే రాస్తున్నాను. చెల్లె చదివి వినిపిస్తుంది.

ఇక్కడ బయట రోహిణి ఎండలే. మేము పనిచేసే బజారు భవనంలో మాత్రం మంచు కొండ కట్టారు. జనం కాళ్లకు పొడుగాటి స్కీలు తొడుక్కొని దాని మీద జారుతారు. మీ అల్లుడిది చల్లదనం యంత్రాల దగ్గర పని. నాది బూట్లు అందించే పని. నా పని తీసేస్తారని మొన్న నీకు తెలిసిందే. పిల్లలకు జారడం నేర్పేవాళ్లకే ఇక చోటు, దానికి పరీక్ష పెడతామన్నారు. అందులో తప్పితే నేనొక్కదాన్నే మన మేడిపల్లికి రావాలి, ఆయన ఇక్కడే ఉండాలి. ఫోనులో మొగుణ్ణి చూసుకుంటూ బతికే ఆడవాళ్లు మన వాడలో తక్కువా బాపూ?

తిన్నగా జారడం నాకు ముందే వచ్చు. పరీక్ష మాత్రం పందెపు మలుపులది. జెండాల నడుమ, వేగం తగ్గకుండా, స్కీల అంచులతో మంచును కోస్తూ తిరగాలి. నేర్పే కాంతక్కది మనాలీ వైపు. హిందీలో ఒకటే అరుపు.

"సరితా, వెనక్కి వాలకు! వెనకాల నీకు కుర్చీ వేశారా?"

కుర్చీ కాదు బాపూ, కల్లుకు చెట్టెక్కే నీ మోకు. చిన్నప్పుడు తాటిచెట్టు మొదట్లో చెట్టుకూ నా నడుముకూ కలిపి ఆ మోకుతాడు కట్టి, "ఎనుకకు వాలు బిడ్డా, మోకు మోస్తది" అనేవాడివి గదా. ఎత్తు చూస్తే చాలు, నా నడుము దానంతట అదే వెనక్కి పోతుంది. ఇక్కడ మోకు లేదు. ప్రతి మలుపులోనూ వెల్లకిలా పడ్డాను. దెబ్బలేమీ తగలలేదు, అవ్వకు చెప్పు, కన్నకడుపు ఊరికే బెంగపడుతుంది.

గదిలో ఏడుస్తుంటే మీ అల్లుడు అడిగిండు: "మామ మోకు జరిపేటప్పుడు గూడ ఎనుకకే వాలుతడా?"

"లేదు. రెండు చేతుల చెట్టును కావలిచ్చుకుంటడు. మోకు వదులైనంకనే జరుపుతడు."

"మరి మలుపంటే మోకు జరుపుడే గద పిల్లా!"

"చెట్టేది?"

"బూటు ముందటి పట్టీ లేదా? గదే చెట్టు. మోకాళ్ల కింది ముడుసులు దానికి ఆనియ్యి."

మర్నాడు అట్లాగే చేశాను. మలుపు మొదలయ్యేటప్పుడు ముందుకు ఒరిగి, బూటుకు ముడుసులు ఆనించి, బరువంతా బయటి కాలి మీద వేశాను. స్కీ అంచు మంచును కోసుకుంటూ దానంతట అదే తిరిగింది. కాంతక్క ఈల వేసింది. జెండా దాకా ఆగకు, పైనుంచే మలుపు మొదలుపెట్టు అని కూడా నేర్పింది.

పరీక్షనాడు పైన నిలబడితే నడుము మళ్లీ వెనక్కి పోబోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. కింద మీ అల్లుడు పనిబట్టల్లోనే నిలబడి, "చెట్టును పట్టుకో సరితా!" అని కేకేసిండు. అక్కడున్న మన తెలుగువాళ్లంతా మంచులో చెట్టెక్కడుందా అని వెతికారు. నవ్వొచ్చింది, దాంతో సిగ్గూ పోయింది. ఒక్క జెండా తప్పలేదు. నన్ను ఉంచుకున్నారు బాపూ. పిల్లలు అప్పుడే టీచరమ్మా అంటున్నారు. తల ఎత్తలేక చస్తున్నాను.

ఇక్కడి అన్నం బాగానే ఉంది, కడుపునిండా తింటున్నాము. సెలవు మీద ఊరికి వచ్చిన మెట్‌పల్లి శంకరన్న ఇక్కడికి తిరిగి వచ్చేటప్పుడు కాస్త మామిడి తొక్కు పంపించు. నువ్వు చెట్టు మీద జాగ్రత్త, మోకు పాతబడితే మార్చు.

నానమ్మకు, చిన్నాయనకు, చిన్నమ్మకు నా మొక్కులు. చెల్లెకు ముద్దులు. మీ దీవెన మా ఇద్దరికీ ఉండాలి.

ఇంకొక్క మాట. నేను వస్తానని అవ్వ వెనకగది అలికి, చాప పరిచి పెట్టిందట. ఆ చాప తీసేసి అక్కడ మిరపకాయలు పోసుకొమ్మను. వస్తే ఇద్దరం వస్తాము. ఒక్క చాప మాకు చాలదు.

మీ బిడ్డ
సరిత