నెలలు నిండిన పాప

తమ్ముడూ, పాపా మరదలూ క్షేమం.

నువ్వు సెలవుకు వచ్చి ఎనిమిది నెలలు దాటిందంతే, నెలలు నిండిన బిడ్డ ఎలా అవుతుందని అడిగావు. ఆ ముల్లు నాకూ గుచ్చుకుంది. దేవుడికి దండం పెట్టుకున్నా మనసు కుదుటపడక డాక్టరమ్మనే అడిగాను. ఆవిడ నవ్వేసింది. "మీ తమ్ముడు రైలు దిగిన రోజు నుంచి కాదమ్మా మా లెక్క! చివరి నెలసరి మొదలైన రోజు నుంచి. అంటే ఆయన రావడానికి రెండు వారాల ముందే లెక్క మొదలైంది. ముప్పై ఏడు వారాలు నిండకపోతేనే తక్కువ నెలల బిడ్డ. మీ పాపకు ముప్పై ఎనిమిది నిండాయి."

మెత్తటి దుప్పటి ఒకటి పంపు. నీ దగ్గు తగ్గిందా?

నీ ఉత్తరం వచ్చిందా అని మరదలు అడిగింది. రాలేదని అబద్ధమాడాను, దేవుడు మన్నిస్తాడులే. తనకు ఇవాళే వేరే ఉత్తరం రాయి. ముగ్గురూ చల్లగా ఉండాలి.

పెద్దక్క