ఎదుటి పార్టీ రంగు జెర్సీ

శనివారం రాత్రి, రొంపిచెర్ల

ఈరోజు కూడా ఓడిపోయారు. చివరి నిమిషంలో మా గోల్‌కీపరే బంతిని తీసుకెళ్లి వాళ్ల కాళ్ల ముందు పెట్టాడు. తొమ్మిదేళ్లుగా ఈ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్‌ని పట్టుకొని వేలాడుతున్నాను. కప్పు మాట దేవుడెరుగు, కింది డివిజన్‌కి పడిపోకుండా ఉంటే చాలు.

అదొక్కటే అయితే ఏడ్చి పడుకునేదాన్ని. మ్యాచ్‌కి ముందు జెర్సీ వేసుకొని పెరుగు ప్యాకెట్ కోసం సెంటర్‌కి వెళ్లాను. నా ఖర్మ, మా జట్టు రంగూ, నాన్న పార్టీకి ఎదుటి పార్టీ రంగూ ఒకటే. నేను ఇంటికొచ్చేలోపే పక్కింటి కోటయ్య బాబాయ్ వచ్చి కూర్చున్నాడు.

"ఏందన్నయ్యా, అమ్మాయి ఆ పార్టీలో చేరిందంట? ఊరంతా అదే చెప్పుకుంటా ఉన్నారు."

ఇది ఫుట్‌బాల్ చొక్కా అని పదిసార్లు చెప్పాను. నమ్మితేనా! నాన్న ముఖం కందగడ్డలా అయింది.

"ఎప్పుడూ గెలవనోళ్ల కోసం నా పరువు తీస్తావా?" అన్నాడు. జెర్సీ విప్పేదాకా ఊరుకోలేదు. అది లేకుండా చూస్తే ఓడిపోక ఏం చేస్తారు?

ఊళ్లో నాన్న పార్టీ గెలిచి ఎన్నేళ్లయిందో అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ అన్నిసార్లు ఓడినా కండువా దించని మనిషిని ఏమని అడగను?

ఇక మ్యాచ్‌లు చూడను. ఈ మాట పోయిన శనివారమూ రాశాను.

ఇందాక పెరట్లోకి వెళ్తే, రోడ్డు మీదికి కనపడకుండా అమ్మ నా జెర్సీ ఉతికి ఆరేసింది. అదే తీగ మీద, పక్కనే, నాన్న కండువా.